నెలవంకను బట్టి వచ్చే బంద్‌లు

మా ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. ఇక్కడి కంపెనీల్లో పనిచెయ్యడానికి విదేశాల నుంచి వచ్చే ఇంజనీర్లను, వాళ్ళ భార్యాబిడ్డలను హైదరాబాద్‌లో కుదురుకునేలా చెయ్యడం మా పని. అద్దె ఇల్లు, పిల్లల బడి, గ్యాస్ సిలిండరు, పనిమనిషి, సర్కారు కాగితాలు, వంటింట్లో బల్లి కనపడితే ఫోన్లో ధైర్యం చెప్పడం, అన్నీ మావే. ఇరవయ్యేళ్ళు చేశాను. మా అత్తగారు మాత్రం చివరిదాకా చుట్టాలందరికీ "మా కోడలు దొరలకు ఇళ్ళు చూపిస్తుందండి" అనే చెప్పేవారు. వాళ్ళు నన్ను ఇళ్ళ బ్రోకరనుకుని, నిజాంపేటలో తమకూ ఒక ఫ్లాటు చూసిపెట్టమనేవారు. మొదట్లో కాదండీ అని సంజాయిషీ చెప్పుకునేదాన్ని. తర్వాత ఫ్లాట్లు చూసిపెట్టడం మొదలుపెట్టాను. అదే తేలికగా ఉంది.

ఈమధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో జరిగింది ఏదైనా రాసివ్వండి, ట్రైనింగులో చదువుకుంటాం" అన్నారు. నేను గొప్పగా నెగ్గుకొచ్చిన సంగతులు రాస్తే మీకు రెండో పేజీలోనే కునుకు పడుతుంది. అందుకని ఒక తప్పు రాస్తున్నాను. తప్పు నాదే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేర్లు మాత్రం రాయను, ఇందులో ఉన్నవాళ్ళలో చాలామంది ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. బయట బస్సులు ఆగిపోయేవి, మాదాపూర్‌లో అద్దాల మేడల లోపల ఏసీలు నడుస్తూనే ఉండేవి. బంద్ రోజున ఉద్యోగులను ఇళ్ళకు పంపించి, ఆ బాకీ శనివారం తీర్పించుకునేవి కంపెనీలు. మా మేనేజరుది అనంతపురం వైపు. మంచివాడే కానీ కాంట్రాక్టు అన్న మాట వింటే చాలు, గుండె దడ వచ్చేది ఆయనకు. ఒకరోజు నన్ను పిలిచి, "చూడు మా, బంద్, ధర్నా, రాస్తారోకో, ఈ మాటలేవీ క్లయింటు చెవిన పడకూడదు. వాళ్ళు బెదిరి వెనక్కి పోయినారంటే మనం గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవాల. ఏం చెప్తావో నీ ఇష్టం" అన్నారు.

నా ఇష్టానికి వదిలెయ్యడమే ఆయన చేసిన పొరపాటు.

మా ఆఫీసు కారు నడిపే డ్రైవరు జనగామ వైపు మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. మణికొండలో తమ్ముడితో కలిసి కిరాయికి ఉండేవాడు. నాది తెనాలి దగ్గర పల్లెటూరు. అప్పటికి మేమిద్దరం అయిదేళ్ళుగా ఒకే కారులో తిరుగుతున్నాం. ఇంటి ఓనర్ల పిసినారితనం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, ఏ హోటల్లో ఇడ్లీ బాగుంటుందన్న దాని గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. తెలంగాణ ఊసు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. దారిలో జెండాలు కనపడితే నేను కిటికీలోంచి అవతలి వైపు చూసేదాన్ని, అతను రేడియో సౌండు పెంచేవాడు. ఇద్దరం మర్యాదస్తులమని ఇద్దరికీ గట్టి నమ్మకం.

అలాంటప్పుడు దిగింది ఆ పోలాండ్ కుటుంబం. భర్త, భార్య, ఎనిమిదేళ్ళ పాప. భర్త మెత్తని మనిషి, గచ్చిబౌలిలో ఉద్యోగం. భార్య వాళ్ళ దేశంలో వంతెనల లెక్కలు చూసే ఇంజనీరు. ఎయిర్‌పోర్టు నుంచి వస్తుండగానే నాకు సంగతి చెప్పేసింది.

"నా ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి వచ్చాను. ఇక్కడ కుదురుకుంటే రాజీనామా చేస్తాను. లేకపోతే పాపను తీసుకుని వెళ్ళిపోతాను, ఆయన ఒక్కడే ఉంటాడు. కొత్త ఊళ్ళో నాకు కళ్ళూ చెవులూ మీరే. అందుకని ఏదైనా సరే ఉన్నదున్నట్టు చెప్పండి."

"తప్పకుండానండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు అబద్ధమాడే ఉద్దేశం నిజంగా లేదు.

మణికొండలో మూడో అంతస్తులో ఇల్లు సిద్ధం చేసిపెట్టాం. కొత్తగా వచ్చినవాళ్ళకు మా కంపెనీ తరఫున ఒక సంచి ఇచ్చేవాళ్ళం. అందులో ఊరి మ్యాపు, దోమల బత్తీలు, గోడకు తగిలించుకునే తెలుగు క్యాలెండరు, ఆడవాళ్ళకు ఒక కుర్తా. ఆ నెల కుర్తా కొనే బాధ్యత నాది. కోఠీలో డిస్కౌంటుకు దొరికిందని ఒకే రంగువి పన్నెండు తెచ్చాను. గులాబీ రంగు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో గులాబీ రంగు అంటే రంగు కాదు, ఒక పక్షం. డిస్కౌంటు ఎందుకిచ్చారో అప్పుడు ఆలోచించలేదు.

వాళ్ళు దిగిన మూడో రోజున బడి చూడ్డానికి వెళ్ళాలి. ఆ రోజు బంద్. పొద్దున్నే ఫోన్ చేసి, "ఇవాళ కుదరదండి, పండగ" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. సెలవు అని ఊరుకున్నా సరిపోయేది.

మర్నాడు కారులో ఆమె అడిగింది. "నిన్న మీరు చెప్పిన పండగ క్యాలెండర్లో ఎర్రగా లేదే. మీరే కదా చెప్పారు, పండగలు ఎర్రగా ఉంటాయని."

"ఇది స్థానిక పండగండి. ముందుగా తేలదు. నెలవంకను బట్టి ఉంటుంది," అన్నాను. రంజాన్ వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు, ఆ మాట నాలుక మీదే ఉంది.

ఆమె సంచిలోంచి ఆ క్యాలెండరు తీసి, పెన్సిల్‌తో ఆ తేదీ దగ్గర చిన్న నెలవంక బొమ్మ గీసుకుంది. డ్రైవరుకు ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు కానీ అర్థమవుతుంది. అద్దంలోంచి నావైపు ఒకసారి చూశాడు. రేడియో సౌండు పెంచాడు.

ఏడో రోజున విదేశీయుల నమోదు కార్యాలయంలో వాళ్ళకు టైమిచ్చారు. బయటి దేశం నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు పద్నాలుగు రోజుల్లోగా అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. అది లేనిదే ఏదీ ముందుకు సాగదు. ఆ రోజూ బంద్ పడింది. నేను మళ్ళీ పండగన్నాను.

"వారంలో రెండు నెలవంకలా?" అంది ఫోన్లో.

"ఇది వేరే వాళ్ళదండి."

"మీ దేశం చాలా సంతోషంగా ఉంటుంది," అంది. ఎగతాళి చెయ్యడం లేదు, నిజంగానే అంది. నాకు ఒక్క క్షణం సిగ్గేసింది. తర్వాత పనుల్లో పడి మరిచిపోయాను. నమోదుకు కొత్త టైము పదమూడో రోజున దొరికింది. అంటే గడువుకు ఒక్క రోజు ముందు.

పదకొండో రోజున వంటావార్పు. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఉద్యమంలో అదొక నిరసన. జనం రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండుకుని, అక్కడే విస్తళ్ళు పరుచుకుని తినేవారు. కొట్లాటా ఉండదు, గొడవా ఉండదు, బండి మాత్రం కదలదు. ఆ రోజు మణికొండ రోడ్డు మీద పెడుతున్నారు. వాళ్ళ బాల్కనీలోంచి చూస్తే కనపడుతుంది కాబట్టి ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఫోన్ చేసి, "ఇవాళ పెద్ద పండగండి. అందరూ కలిసి రోడ్డు మీదే వండుకుని తింటారు. రద్దీగా ఉంటుంది, మీరు ఇంట్లోనే ఉండండి" అన్నాను. ఒక అబద్ధం అలవాటైతే మనిషి దానికి పూలూ పసుపూ కూడా పెడతాడు. నేనూ అదే చేశాను.

"ఊరంతా కలిసి రోడ్డు మీద వండుకుంటారా?" అని రెండుసార్లు అడిగింది. ఆ గొంతులో ఉత్సాహం నేను పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో పెరుగన్నం కలుపుకుంటూ టీవీ వైపు చూశాను. తెరమీద ఆమె. నేనిచ్చిన గులాబీ కుర్తా, చేతిలో పొడుగాటి గరిటె, ముందు పెద్ద గుండిగ. పక్కన పాప బుగ్గకు కుంకుమ. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి: ఉద్యమానికి విదేశీ మహిళ మద్దతు. ఆమె నవ్వుతూ పులిహోర కలుపుతోంది. ఆ బొమ్మే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

వీసా మీద వచ్చినవాళ్ళు ఇక్కడి రాజకీయాల జోలికి పోకూడదన్నది షరతు. నమోదు ఎల్లుండి. ఈ బొమ్మ ఆ ఆఫీసులో ఎవరో ఒకరు చూసే ఉంటారు. అక్కడ కాగితం ఆగిపోతే ఆ కుటుంబం సామాను విప్పకుండానే తిరుగు విమానం ఎక్కాలి.

డ్రైవరు ఆ రోజు సెలవు పెట్టాడు. నా స్కూటీ తీసుకుని బయల్దేరాను. ఖాజాగూడ దగ్గర కుర్రవాళ్ళు తాడు కట్టి బండ్లు ఆపుతున్నారు. నన్నూ ఆపారు. నా యాస పట్టుకుంటారేమోనని, అయిదేళ్ళుగా డ్రైవరు మాటలు వింటున్న ధైర్యంతో, "జర పోనియ్యండి తమ్మీ, మస్తు అర్జెంటు ఉందండి" అన్నాను.

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకతను నవ్వు ఆపుకుంటూ, "అక్కా, మీరు మీ లెక్కనే మాట్లాడుండ్రి. మేమేం అనం, పోనిస్తం," అని తాడు ఎత్తాడు.

మణికొండ రోడ్డు మీద వంట అయిపోయి భోజనాల బంతులు నడుస్తున్నాయి. ఆమె చాప మీద కూర్చుని ఉంది. ముందు విస్తరాకు, పక్కన సగం కోసిన ఆపిల్ కేకు. విందుకు వట్టి చేతులతో వెళ్ళకూడదని పొద్దున్నుంచీ కూర్చుని చేసిందట. పాప మిగతా పిల్లలతో కలిసి గ్లాసుల్లో నీళ్ళు పోస్తోంది. వడ్డిస్తున్నవాళ్ళలో మా డ్రైవరు ఉన్నాడు, మెళ్ళో గులాబీ కండువాతో. ముగ్గురూ నన్ను చూశారు. పాప ఒక్కతే నవ్వింది.

"ఇది పండగ కాదట," అంది ఆమె. "ఇక్కడ వండుతున్నవాళ్ళలో యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి చెప్పింది. ఇది ఏ దేవుడి పండగని అడిగితే, ముందు నవ్వింది, తర్వాత నవ్వలేదు."

"కాదండి."

"మొదటిది?"

"కాదండి."

"రెండోది?"

"అదీ కాదండి."

"మరి నెలవంక?"

ఆమె కోప్పడితే బాగుండేది. మామూలుగానే చెప్పింది. "మా నాన్న ఓడలు కట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. నా చిన్నప్పుడు సమ్మె చేసి జైలుకెళ్ళాడు. మా అమ్మ గేటు దగ్గర నిలబడి అందరికీ సూపు పోసేది. ఇంతసేపూ ఈ రోడ్డు మీద నాకు మా అమ్మే గుర్తొచ్చింది. సమ్మె అంటే నేను బెదిరిపోతానని మీకెవరు చెప్పారు? నేను బెదిరేది ఒక్కదానికే. పాపను పెట్టుకుని కొత్త ఊళ్ళో ఉన్నప్పుడు, నమ్మిన మనిషి నాకు కథలు చెప్పడానికి."

ఆమె పక్కన డ్రైవరు ఒక విస్తరాకు పరిచాడు. పులిహోర, పప్పు వడ్డించాడు.

"కూసోండ్రి మేడం. ముందు తినుండ్రి. పండగ కదా," అన్నాడు.

అయిదేళ్ళలో అతను నన్ను దెప్పుతూ అన్న ఒకే ఒక్క మాట అది. విస్తట్లో వదిలెయ్యడం మర్యాద కాదని నీళ్ళతో మింగాను.

ఆ సాయంత్రమే వాళ్ళిద్దరికీ వీసా సంగతి చెప్పాను. భర్త మొహం పాలిపోయింది. ఆమె, "నేను చేసింది నేను చెప్తాను. మీరు చేసింది మీరు చెప్పండి," అంది. పాపను తీసుకుని వెళ్ళిపోతానని అనలేదు. ఉంటానని కూడా అనలేదు.

మేనేజరు గారి దగ్గరికి వెళ్తే ఆయన అప్పటికే ఉపాయం తయారుగా పెట్టుకున్నారు. "టీవీలో ఉండేది ఆమె కాదని చెప్దాం మా. తెల్లోళ్ళంతా ఒకే మాదిరి ఉంటారు. ఎవురు గుర్తుపడతారు?"

"సార్, పాప కూడా ఉంది."

"పాపలూ ఒకే మాదిరి ఉంటారు."

"ఇంకో అబద్ధం నా వల్ల కాదు సార్. మొదటివాటికే ఊపిరాడ్డం లేదు."

"అయితే నువ్వే చెప్పుకో. అంతా నీ పూచీ," అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన పైన కూడా ఒక మేనేజరు ఉన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఒక అర్జీ రాశాను. సర్వీసంతా ఎందరికో దరఖాస్తులు రాసిపెట్టిన చెయ్యే. 'విషయము' అన్న దగ్గర ఆగిపోయింది. ఏం రాయాలి? చివరికి 'నేను చెప్పిన అబద్ధముల గురించి' అని రాశాను. బంద్‌నూ వంటావార్పునూ పండగ అన్నది, నెలవంక, రెండో నెలవంక, గులాబీ కుర్తా కొన్నది నేనేనన్నది, డిస్కౌంటుతో సహా రాసి సంతకం పెట్టాను. మా ఆయన చదివి, "ఇది చూపిస్తే వాళ్ళకు నమోదు అవుతుందేమో కానీ నీకు పిచ్చాసుపత్రిలో నమోదు అవుతుంది" అన్నారు.

పదమూడో రోజు పొద్దున పాపతో సహా అందరం కారెక్కాం. డ్రైవరు రేడియో పెట్టలేదు.

నమోదు అధికారి యాభై దాటిన మనిషి. నున్నగా గీసుకున్న గడ్డం, కళ్ళజోడు. ఏ ప్రాంతమో మాటను బట్టి పట్టుకుందామని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆయన ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. వాళ్ళ కాగితాలు తిరగేసి, ఆమె ఫోటో దగ్గర ఆగి, "టీవీలో నేను కూడా చూశాను" అన్నారు.

ఆమె దాచలేదు. వెళ్ళాననీ, వండాననీ, తిన్నాననీ, ఒక గుండిగ కడిగాననీ చెప్పింది. నినాదాలు ఇచ్చారా అని అడిగితే, "అవి తెలుగులో ఉన్నాయి, నాకు రాదు. వచ్చినా ఇచ్చేదాన్ని కాదు, నోట్లో పులిహోర ఉంది" అంది. ఆయన నవ్వలేదు. నేను నా అర్జీ ముందుకు తోశాను. ఒకసారి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "బయట ఉండండి, పిలుస్తాం," అన్నారు.

మూడు గంటలు పిలవలేదు. బయట ఎండ. పాప వెనక సీట్లో నిద్రపోయింది, మిగతా నలుగురం కారులోనే కూర్చున్నాం. భర్త గోళ్ళు కొరుక్కుంటున్నాడు. కాసేపటికి ఆమె సంచిలోంచి ఆ క్యాలెండరు తీసి, రబ్బరూ పెన్సిలూ నా చేతికిచ్చింది.

"నెలవంకలు చెరిపేసి, నిజంగా ఏం జరిగిందో రాయండి."

చెరిపాను. ఒక చోట బంద్ అని రాశాను. రెండో చోట బంద్ అని రాశాను. మూడో చోట వంటావార్పు.

"ఎందుకు?" అంది. "బంద్ ఎందుకు? మీరు చెప్పకండి. అతన్ని చెప్పమనండి. మీరు ఇంగ్లీషు చెయ్యండి, ఒక్క మాట కూడా మార్చకుండా."

డ్రైవరు నావైపు చూశాడు. నేను చెప్పమన్నట్టు తలూపాను. అతను స్టీరింగు మీద చెయ్యేసి, ముందుకు చూస్తూనే మొదలుపెట్టాడు.

"మా తమ్ముడు పీజీ చేసిండు. మూడేండ్లాయె, ఇంట్లనే ఉన్నడు. మా కొలువులు మాకు రాలే. మా నీళ్ళు మాకు రాలే. మా మాట మాట్లాడితే నవ్విన్రు. సినిమాలల్ల జోకరుకు మా మాట పెట్టిన్రు. మా రాష్ట్రం మాకు కావాలె అంటున్నం, అంతే. ఒకళ్ళది గుంజుకుంటమంటలేం."

నేను ఇంగ్లీషు చేస్తూ పోయాను. అతను 'మా' అంటే నేనూ 'మా' అనే అనాలి. తెనాలి దగ్గర పుట్టినదాన్ని, ఉన్న నీళ్ళన్నీ కాలవలో చూస్తూ పెరిగినదాన్ని, ఆ కారులో కూర్చుని మా నీళ్ళు మాకు రాలేదనీ, మా రాష్ట్రం మాకు కావాలనీ చెప్పాను. అయిదేళ్ళు పక్కపక్కన కూర్చుని తిరిగి, ఆ మాట నేను మొదటిసారి వినడం అలా, నా నోటితోనే. అతను చెప్పినవన్నీ నేను ఒప్పుకుంటానా అంటే, ఇప్పటికీ అన్నీ ఒప్పుకోను. కానీ ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను. ఆమె వాటర్ బాటిల్ అందించింది.

"పిల్లలు పానాలు తీసుకున్నరు మేడం," అన్నాడు, ఈసారి నాతోనే. "మా ఊరి పోరడు ఒకడు. గసుంటి రోజులల్ల మీరు పండగ అని చెప్తుంటే, నేను గీడ కూసోని ఇనుకుంట బండి నడిపిన. మీరు మాకు వ్యతిరేకం మాట్లాడినా గింత బాధ కాకపోవు."

"తప్పు చేశాను," అన్నాను. "నన్ను క్షమించు."

"క్షమించుడు గిట్ల ఏం లేదు. మాకు తెలంగాణ వచ్చినంక చెప్పుండ్రి పండగ అని. అప్పటిదాంక మాత్రం వద్దు."

అది కూడా ఇంగ్లీషు చెయ్యమంది ఆమె. చేశాను.

రెండున్నరకు పిలిచారు. అధికారి బల్ల మీద వాళ్ళ పాస్‌పోర్టులు ముద్రలు వేసి ఉన్నాయి. ఆమెకు ఒక హెచ్చరిక చెప్పారు, ఇంకెప్పుడూ రోడ్డు మీద వండొద్దని. తర్వాత నావైపు తిరిగి, మొదటిసారి తెలుగులో అన్నారు. "అమ్మా, వీళ్ళు తెలిసి చెయ్యలేదనడానికి మీ కాగితం తప్ప వేరే సాక్ష్యం లేదు. అందుకని ఫైల్లో పెడుతున్నాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వారంలో రెండు నెలవంకలు రావు."

ఆ తెలుగు పుస్తకంలో ఉన్నట్టు ఉంది. ఏ ప్రాంతమో ఇప్పటికీ నాకు తెలియదు. నా అబద్ధాల చిట్టా మాత్రం నా సంతకంతో ఆ ఫైల్లో భద్రంగా ఉండే ఉంటుంది. మా అమ్మాయి పెళ్ళి సంబంధాలప్పుడు అది ఎవరి కంటా పడకూడదని మొక్కుకున్నాను.

ఆమె నన్ను వెంటనే నమ్మలేదు. నమ్మకం ముద్ర వేస్తే వచ్చేది కాదు. రెండు నెలలపాటు నేనేం చెప్పినా డ్రైవరు వైపు చూసేది, అతను తలూపితేనే ఊరుకునేది. ఇవాళ బంద్, బస్సులు లేవు, పాలు దొరుకుతాయి, ఫలానా రోడ్డులో వెళ్ళకండి అని ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. చిత్రమేమిటంటే, మేనేజరు భయపడ్డట్టు ఎవరూ బెదిరి పారిపోలేదు. కూరగాయలు ముందు రోజే తెచ్చుకున్నారు, అంతే. అయిదో నెలలో ఆమె తన రాజీనామా ఉత్తరం టైపు చేసి, పంపే ముందు నాకు చూపించింది. మూడేళ్ళున్నారు. పాప తెలుగు నేర్చింది, అదీ డ్రైవరు తెలుగు. 'గిట్ల చెయ్యొద్దు అమ్మా' అని వాళ్ళమ్మను గదమాయించేది.

రాష్ట్రం వచ్చేనాటికి వాళ్ళు వెళ్ళిపోయి కొన్ని నెలలైంది. ఆ రోజు పొద్దున డ్రైవరు మా ఇంటికొచ్చాడు, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. చేతిలో మిఠాయి డబ్బా. గుమ్మంలోనే ఆగాడు, ఇస్తే తీసుకుంటానో లేదోనన్నట్టు. లోపల మా ఆయన టీవీ ముందు దిగులుగా కూర్చుని ఉన్నారు. మా ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించడానికి కూడా ఎవరికీ మనసు లేదు. రేపటి నుంచి మేం ఎక్కడివాళ్ళమన్నది మాకింకా తేలలేదు.

డబ్బా అందుకున్నాను. అతని ఎదురుగానే ఒకటి నోట్లో వేసుకున్నాను.

ఇంతలో ఫోన్ మోగింది. పోలాండ్ నుంచి ఆమె మెసేజి. 'వార్తల్లో చూశాను. ఇవాళ పండగేనా? ఉన్నదున్నట్టు చెప్పండి.'

డ్రైవరుకు చదివి వినిపించాను. అతను నా చేతిలో ఫోను వైపే చూస్తున్నాడు. గుమ్మంలో నిలబడే జవాబు రాశాను.

'మా ఇంట్లో కాదు. డ్రైవరు ఇంట్లో పండగే. వచ్చే ఏడాది నుంచి క్యాలెండర్లో ఈ తేదీ ఎర్రగా ఉంటుంది.'